పెట్టెకు చందా వేస్తం, బీపీ మిషన్‌కు ఎందుకు వేయం?



నేను రాసేటోన్ని కాదు. పదో తరగతి కాంగనే చదువు బంద్ చేసి మేస్త్రీ పనిలకు వచ్చినోన్ని. ఇప్పుడు ఈసా టౌన్ల ఉంటూ సైట్ సూపర్‌వైజర్‌గా చేస్తున్న. నెలనెలా ఎవరో ఒకరు రాస్తున్నరు, ఈసారి నువ్వు రాయి అని గ్రూపు వాళ్లు అన్నరు. అగ్రిమెంట్ గురించో, వీసా గురించో రాస్త అనుకున్నరేమో. నేను బీపీ గురించి రాస్తున్న. కోపం రాకుండ చివరిదాంక చదవండి.

ముందుగాల ఒక పని చేయండి. మన గ్రూపుల వచ్చిన చందా మెసేజులు వేలితోని పైకి జరుపుకుంట పోండి. ఒక ఫోటో, కింద ఊరి పేరు, మండలం పేరు, ఇద్దరు పిల్లలని ఒక ముక్క. ఆ తర్వాత రాసేది మనందరికి నోటికొచ్చు: "రాత్రి అన్నం తిని పండుకున్నడు, తెల్లారి లేవలేదు." లేకపోతే, "డ్యూటీల ఉండంగ కింద పడ్డడు." మనం 2 దీనార్లు, 5 దీనార్లు వేస్తం. పెట్టె ఊరికి పంపేదాంక కొందరు నిద్ర లేకుండ తిరుగుతరు. అది చిన్న పని కాదు, చేసేటోళ్లకు దండం పెడ్తున్న. నేనడిగేది వేరే. ఆ మనిషి బతికున్నప్పుడు ఆయన బీపీ ఎంతుందో మనల ఒక్కరికన్న తెల్సా? పక్క మంచం మీద పండేటోనికి తెల్సా? ఆయనకే తెల్సా?

ఇంకో సంగతి చాలమందికి తెల్వదు. మనం వచ్చేటప్పుడు ఎమిగ్రేషన్ క్లియరెన్సుతోని ప్రవాసీ భారతీయ బీమా యోజన అని ఒక ఇన్సూరెన్స్ కట్టించుకుంటరు. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375. ఎవరన్న పోతే ఇంటోళ్లకు 10 లక్షలు వస్తయని మన మనసుల ఉంటది. కాని ఆ 10 లక్షలు ప్రమాదంల చనిపోతేనో, ప్రమాదంల అవిటోడైతేనో ఇచ్చేటివి. పరంజా మీదికెళ్లి పడితే వస్తయి. నిద్రల గుండె ఆగితే అది సహజ మరణం, ఆ పైసలు రావు. తెలంగాణ సర్కారు గల్ఫ్‌ల చనిపోయినోళ్ల కుటుంబానికి 5 లక్షలు ఇస్తమని 2024ల జీవో తెచ్చింది. 2023 డిసెంబర్ 7 తర్వాత పోయినోళ్లకు అది వర్తిస్తది. మంచిదే. కాని ఆ 5 లక్షలు తీసుకునేది ఎవరు? మనం అయితే కాదు.

ఇగ నా సంగతి చెప్పాలె. చెప్పకుంట సలహాలు ఇస్తే అది మోసమైతది.

నేను మొదటిసారి వచ్చేటప్పుడు కాదు, రెండోసారి వీసా మీద వచ్చేటప్పుడు మెడికల్‌ల బీపీ ఎక్కువ చూపించింది. కాసేపు కూసోమన్నరు. మళ్ల చూసినా ఎక్కువనే ఉంది, రేపు రమ్మన్నరు. ఏజెంటుకు ఫోన్ చేస్తే నవ్విండు. "అందరికి అయ్యేదే, ఒక గోలి వేసుకొని పోరాదు" అన్నడు. వేసుకున్న. తెల్లారి పాసైన. బహ్రెయిన్‌ల దిగినంక ఆ గోలి సంగతే మర్చిపోయిన. మర్చిపోయిన అనుడు కూడ అబద్ధమే, మర్చిపోదలుచుకున్న. కంపెనీకి తెలుస్తే పంపిస్తరేమో, అప్పు ఇంకా తీరలేదు, ఇది భయం. ఇట్ల ఆరేండ్లు గడిచినయి. తల బరువు ఉంటే ఎండ అనుకున్న. రాత్రి రెండుసార్లు లేస్తే ఏసీ చలి అనుకున్న.

అయితే నాకు బుద్ధి వచ్చింది నా బీపీ వల్ల కాదు. మా సైట్ల షట్టరింగ్ కార్పెంటర్ ఒకాయన ఉండె. పేరు రాయను, ఊర్లె భార్యాపిల్లలు ఉన్నరు. 38 ఏండ్ల మనిషి. ఆగస్టు నెల, ఆ రోజు స్లాబ్ ఉంది. మధ్యాహ్నం పని బంద్ కాబట్టి తెల్లారుజామున 4 గంటలకే కాంక్రీట్ మొదలుపెట్టినం. ఆయన నా దగ్గరికొచ్చి, "అన్నా, రాత్రి నుంచి తల పగిలిపోతున్నది, క్లినిక్‌కు పోతా" అన్నడు. నేనేమన్ననో నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండ యాదికుంది. "స్లాబ్ రోజే తలనొప్పి యాదికొస్తదా నీకు? పానడాల్ వేసుకో, సాయంత్రం పోదువు" అన్న.

పది కొట్టంగ చాయ్ తాగేటప్పుడు ఆయన చేతిలకెళ్లి కప్పు జారి పడ్డది. కుడి చేయి లేస్తలేదు. మాట ముద్దముద్దగ వస్తున్నది. మేమందరం ఎండదెబ్బ అనుకున్నం. నీడకు తీస్కపోయి నెత్తి మీద నీళ్లు పోసినం, ఉప్పు నీళ్లు తాగియ్యబోయినం. గిట్ల ముప్పావు గంట పోయింది. మూతి పక్కకు పోయిందని ఫోర్‌మన్ చూసి 999కు ఫోన్ చేసిండు. దవాఖానల బీపీ చూస్తే పైది 210 దాటి ఉంది. మనిషి బతికిండు. నాలుగు నెలలకు ఇంటికి పోయిండు, వీల్‌చెయిర్ల. కుడి పక్క ఇప్పటికీ సరిగ్గ పనిచేయది. ఆయన చేతి పని చూసినోళ్లకు తెల్సు, ఆ చేయి ఎసుంటి చేయో.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. దాంతోనే నాకు ఇంకా కష్టమైంది.

ఆ తర్వాతి శుక్రవారం నేను పోయి చూపించుకున్న. 164 మీద 102. మూడు రోజులు చూసినా అటు ఇటుగ అంతే. డాక్టర్ చెప్పింది నాకు అర్థమైనట్టు మీకు చెప్త. రెండు అంకెలుంటయి. పైది గుండె రక్తాన్ని తోసేటప్పటి ఒత్తిడి, కిందిది గుండె సల్లబడ్డప్పటి ఒత్తిడి. 120 మీద 80 కంటె కొంచెం తక్కువుంటే మంచిది. వేరువేరు రోజులల్ల చూసినా పైది 140 గాని, కిందిది 90 గాని దాటితే బీపీ ఉన్నట్టు. మనం సైట్ల పంపు పెడ్తం కద, పైపు తట్టుకునేదానికంటె ఎక్కువ ప్రెషర్ పెడితే ఏమైతది? ఒక్క రోజుల పగలది. జాయింట్ల కాడ మెల్లమెల్లగ పాడైతది. ఒక రోజు పుసుక్కున పోతది. మన ఒంట్లె ఆ జాయింట్లు అంటే మెదడు, గుండె, కిడ్నీలు, కండ్లు. పగిలేదాంక నొప్పి ఉండది. ప్రపంచం మొత్తంల బీపీ ఉన్నోళ్లల్ల సగానికి దగ్గరగ మందికి తమకు ఉన్నట్టే తెల్వదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. మన క్యాంపులల్ల ఎంతమందికి తెల్వదో మీరే అనుకోండి.

"నాకేం లేదు, నేను 50 కిలోల బస్తా మోస్త" అంటరు మీరు. ఆ కార్పెంటర్ కూడ మోసినోడే.

ఇగ తిండి కాడికి వస్త, అసలు గడబిడ అక్కడనే ఉంది. నేను సైట్ల సిమెంటు బస్తాల లెక్క రాసేటోన్ని. ఒక రోజు కూసొని మా మెస్సు ఉప్పు లెక్క రాసిన. 16 మందిమి. కిలో ఉప్పు పాకిట్ నాలుగు రోజులల్ల అయిపోతున్నది. అంటే మనిషికి రోజుకు 15 గ్రాముల పైన. ప్రపంచ ఆరోగ్య సంస్థ తినమన్నది 5 గ్రాముల లోపల, ఒక్క చాయ్ చెంచా. ఇది వంటల వేసిన ఉప్పు ఒక్కటే. దాని మీద ఇంటికెళ్లి వచ్చిన మామిడికాయ తొక్కు, అప్పడాలు, ఎండు చేపలు, రాత్రి ఆకలైతే నూడుల్స్ పాకిట్, ఆదివారం కోడికూరల వేసే మసాలా క్యూబులు. ఖుబూస్‌ల కూడ ఉప్పు ఉంటదని నాకు అప్పుడే తెల్సింది.

తొక్కు తినొద్దంటే మీరు నన్ను కొడ్తరు. మా ఆమె పంపే తొక్కు డబ్బా మూత తీస్తే రూమంత మా ఇల్లు వాసన వస్తది. అది నోట్లె పెట్టుకునేటప్పుడే మనం ఇంట్ల ఉన్నట్టు. నేను బంద్ చేయలేదు. ఇంతకుముందు అన్నంల కలుపుకొని ముద్దలు తినేటోన్ని, ఇప్పుడు వారంల రెండు రోజులు, వేలి కొసకు అంటుకునేంత. మా ఆమెకు ఫోన్ల చెప్తే, "నా చేతి తొక్కు నచ్చుతలేదా" అని అలిగింది. రిపోర్టు ఫోటో పంపిన. ఆ తర్వాత కారప్పొడి ఉప్పు తక్కువేసి పంపింది, ఎల్లిపాయ ఎక్కువేసి. మంచిగనే ఉంది.

మెస్సుల మార్చుడు దీనికంటె కష్టమైంది. వంటాయన కేరళ మనిషి, నేను ఉప్పు తగ్గియ్యమంటే తెల్లారి నుంచే కంప్లైంట్లు మొదలైనయి. సప్పటి కూడు పెడ్తున్నడని ఒక తమ్ముడు పళ్లెం ఎత్తేసిండు. నేను చేసిన తప్పు ఏంటంటె ఒక్కసారి సగం చేయించిన. తర్వాత తెలివి వచ్చింది. రెండు వారాలకొకసారి ఒక చెంచా తగ్గించుకుంట పోయినం, ఎవ్వరికి చెప్పకుండ. పులుపు, ఎల్లిపాయ, కొత్తిమీర, జీలకర్ర పెంచినం. అన్నం వండేటప్పుడు ఉప్పు వేసుడు పూర్తిగ బంద్. ఇప్పుడు కిలో పాకిట్ తొమ్మిది రోజులు వస్తున్నది. లెక్క చేయండి, మనిషికి 7 గ్రాములు. ఇంకా ఎక్కువనే. కాని ఆ పళ్లెం ఎత్తేసిన తమ్ముడే మొన్న బయట హోటల్ల తినొచ్చి, "ఏం ఉప్పు పోసిండు అన్నా" అన్నడు. నాలుక అలవాటు పడ్తది. ఈసా టౌన్ మార్కెట్‌కు శుక్రవారం పొద్దుగాల పోతే కూరగాయలు పెట్టెలకు పెట్టెలు కొనొచ్చు, నలుగురు కలిసి కొంటె చవుక. అరటిపండ్లు, ఆకుకూర, టమాట, బీపీకి ఇవన్ని మంచియే. కిడ్నీ ఖరాబున్నోళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగి తినాలె.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తది, మా సైట్ల కూడ వచ్చింది. "గింత చెమట పోతది, ఉప్పు తినకుంటె పడిపోమా?" తప్పు ప్రశ్న కాదు. ఎండల చెమటతోని ఉప్పు పోతది, నిజమే. కాని రోజుకు 15 గ్రాములు తినాల్సినంత కాదు. మూడు పూటల మామూలు భోజనంల వచ్చే ఉప్పే చాలమందికి సరిపోతది, తక్కువ పడేది నీళ్లు. దాహం అయ్యేదాంక ఆగకుండ గంటగంటకు తాగాలె. వాంతులు, కండరాలు పట్టుకునుడు, కండ్లు తిరుగుడు ఉంటే ఓఆర్ఎస్ పాకిట్ ఉంది. బీపీ గోలి వేసుకునేటోళ్లు మాత్రం ఒకటి యాదికుంచుకోండి. కొన్ని గోలీలు మూత్రం ఎక్కువ పోయిస్తయి. అసుంటి గోలి వేసుకొని ఎండల పనిచేస్తే ఒంట్ల నీళ్లు, ఉప్పు రెండూ తగ్గిపోతయి. డాక్టర్‌కు "నేను ఎండల పనిచేస్త" అని నోరు తెరిచి చెప్పండి. ఆఫీసుల కూసునేటోనికి రాసినట్టే మీకు రాస్తే తప్పు డాక్టర్‌ది ఒక్కనిదే కాదు.

డాక్టర్ నన్ను రోజు అర గంట నడువమన్నడు. నాకు నవ్వు వచ్చింది. కాని ఆలోచిస్తే ఆయన అన్నది నిజమే. సూపర్‌వైజర్ అయినంక నేను నడిచేది ఎంత? పికప్‌ల కూసుంట, నీడకు నిలబడ్త, ఫోన్ల ఒర్లుత. కడుపు ముందుకొచ్చింది. ఇప్పుడు రాత్రి తిన్నంక గల్లీలల్ల నడుస్త. 88 కిలోలు ఉన్నోన్ని 81కి వచ్చిన. మీకు, అంటే బ్లాకులు మోసేటోళ్లకు, స్టీల్ కట్టేటోళ్లకు నేను నడువమని చెప్పను. మీకు కావాల్సింది నిద్ర.

నిద్ర గురించి ఎవరూ మాట్లాడరు. బస్సు 4 గంటలకు వస్తది, 3:30కు లేవాలె. రాత్రి 9కి వంట, 10కి ఇంటికి వీడియో కాల్, ఆ తర్వాత రీల్స్, 12. అంటే మూడున్నర గంటల నిద్ర. ఇట్ల ఏండ్లకేండ్లు చేస్తే బీపీ పెరగక ఏమైతది? ఆ వీడియో కాల్‌ల కూడ ఏముంటది, చిట్టీ కట్టాలె, బ్యాంకోడు వచ్చిండు, బిడ్డ ఫీజు. ఫోన్ పెట్టేసినంక మనిషి గోడ దిక్కు తిరిగి పండుకుంటడు గాని నిద్ర పట్టది. దీనికి నా దగ్గర మందు లేదు. మా రూంల మాత్రం ఒకటి చేసినం, 10:30కు లైటు బంద్, ఫోన్ల సౌండ్ బంద్. ఇంటికి చెప్పినం, పైసల ముచ్చట శుక్రవారం మాట్లాడుదమని. కొందరి ఇండ్లల్ల కుదిరింది, కొందరి ఇండ్లల్ల లొల్లి అయింది.

గురువారం రాత్రి సీసాల గురించి నేను ఎక్కువ చెప్పను, నేను కూడ తాగినోన్నే. బీపీని పెంచేటి వాటిల అదొకటి. సిగరెట్, తంబాకు దాని తోడుదొంగలు. నిద్ర లేక ఎనర్జీ డ్రింకు తాగి డ్యూటీ ఎక్కుడు ఇంకొకటి. అందరూ మర్చిపోయేది నొప్పుల గోలీలు. నడుము నొప్పి అని డైక్లోఫెనాక్, బ్రూఫెన్ రోజూ మింగేటోళ్లు మనల మస్తుమంది. అవి బీపీని పెంచుతయి, కిడ్నీని కొడ్తయి.

గోలీల గురించి మాట్లాడితే, మన దగ్గర ఒక మాట నడుస్తది: "మొదలుపెడితే జన్మంత వేసుకోవాలె, అందుకే మొదలుపెట్టొద్దు." ఈ మాట చెప్పినోడు ఎవడో గాని చాలమందిని ముంచిండు. నేను ఉప్పు తగ్గించిన, బరువు తగ్గిన, సిగరెట్ మానిన. తొమ్మిది నెలల తర్వాత 132 మీద 84కు వచ్చింది. రెండు గోలీలు ఉండె, డాక్టర్ ఒకటి తీసేసిండు. రెండోది ఇప్పటికీ వేసుకుంటున్న. తిండి మార్చిన కాబట్టి గోలి అక్కర్లేదని నా అంతట నేను బంద్ చేయను. గోలి ఉంది కాబట్టి తొక్కు బుక్కుత అని కూడ అనను. సెలవు మీద ఊరికి పోయినప్పుడు ప్రైమరీ హెల్త్ సెంటర్ల బీపీ చూస్తరు, గోలీలు ఉచితంగనే ఇస్తరు. వచ్చేటప్పుడు డాక్టర్ చిట్టీ తోని కలిపి తెచ్చుకోండి.

"బీపీ ఉందని తెలుస్తే క్యాన్సిల్ చేస్తరు" అనే భయం నాకు ఆరేండ్లు ఉండె, కాబట్టి మిమ్ముల పిరికోళ్లని అనను. కాని నా తరఫు నుంచి ఒకటి చెప్త. గోలి వేసుకొని 130ల ఉన్నోడు డ్యూటీ చేస్తనే ఉంటడు, నేను చేస్తున్న. వీల్‌చెయిర్ల ఇంటికి పోయినోడు చేయలేడు. ఇక్కడి 2012 లేబర్ చట్టంల మూడు నెలల సర్వీసు నిండినోనికి, డాక్టర్ సర్టిఫికెట్ ఉంటే, ఏడాదికి 15 రోజులు పూర్తి జీతంతోని, 20 రోజులు సగం జీతంతోని, ఇంకో 20 రోజులు జీతం లేకుండ జబ్బు సెలవు ఉంది. మధ్యాహ్నం 12 నుంచి 4 దాంక ఎండల పని బంద్ అనేది ఇంతకుముందు జులై, ఆగస్టుల్లనే ఉండె, 2025 నుంచి జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాంక చేసినరు. ఆ నాలుగు గంటలల్ల కంటెయినర్ల ఫోన్ చూసుడు కాదు, పండుకోండి.

ఇప్పుడు నా తోటి సూపర్‌వైజర్లకు, ఫోర్‌మన్లకు ఒక మాట. మనమే మొదటి డాక్టర్లం, మనకు ఇష్టమున్నా లేకున్నా. ఎవరన్న తలనొప్పి అంటే మనం ఏమంటమో దాని మీదనే ఆయన సాయంత్రం ఉంటది. మూతి ఒక పక్కకు జారితే, చేయి లేవకుంటె, మాట తడబడితే అది ఎండదెబ్బ అని నీళ్లు పోసుకుంట కూసోకండి, వెంటనే 999. మెదడుల నరం మూసుకుపోయి వచ్చిన పక్షవాతానికి నాలుగున్నర గంటల లోపల ఇంజక్షన్ ఇచ్చే అవకాశం ఉంటది, అందులకెళ్లి ముప్పావు గంట నేను నా చేతులతోని పారేసిన. బీపీ 180 మీద 120 దాటి ఛాతీ నొప్పి, దమ్ము, చూపు మసక ఉన్నా అంతే, ఆగొద్దు.

నేను గ్రూపును అడిగేది ఇది. చందాలకెళ్లి క్యాంపుకొక బీపీ మిషన్ కొందం, చేతికి కట్టేది, వేలికి పెట్టేది కాదు. నేను కొన్నది 12 దీనార్లు పడ్డది. పెద్దోళ్లు కొందరు, "ఆ పైసలు చనిపోయినోళ్ల కోసం దాచినయి" అంటున్నరు. నేను ఒప్పుకోను. ఒక్క పెట్టె పంపే ఖర్చుతోని ఎన్ని మిషన్లు వస్తయో కమిటీ వాళ్లే లెక్క తీయాలె. క్యాంపుకొక నోటుబుక్కు పెట్టాలె, పేరు బదులు మంచం నంబరు రాసినా చాలు, కంపెనీకి చూపియ్యొద్దు. ఎక్కువ వచ్చినోన్ని ఒక్కన్ని పంపకుండ తోడు ఒకరు క్లినిక్‌కు పోవాలె. భాష రానోళ్లు డాక్టర్ ముందర అన్నిటికి తల ఊపి వస్తరు, నాకు తెల్సు.

కమిటీ ఒప్పుకునేదాంక నా మిషన్ ఉంది. ఈ శుక్రవారం సాయంత్రం 5 నుంచి 8 దాంక మా మెస్సుల పెడ్త, ఈసా టౌన్, సల్మాబాద్, తుబ్లీ తమ్ముళ్లు ఎవరన్న రావొచ్చు. అర గంట ముందు నుంచి చాయ్, సిగరెట్ తాగకుండ రండి. వచ్చినంక ఐదు నిమిషాలు వీపు ఆనిచ్చి కూసోవాలె, కాళ్లు నేలకు, చేయి బల్ల మీద, మాట్లాడొద్దు. రెండుసార్లు చూస్త. చూసినంక చాయ్ నాదే, చక్కెర తక్కువుంటది.